పండ్లు మాగబెట్టుట – విక్రేత బాధ్యత

బంగినపల్లి మామిడికి మన హైదరాబాదు ప్రాంతంలో బేనిషాన్ అన్న పేరే ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఉర్దూ తెలిసిన విద్యార్థులకు ఈ పేరులోని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. నిషాన్ అనగా గుర్తు, మచ్చ. అది లేనిది బేనిషాన్. బనగానపల్లె నవాబుల ఏలుబడిలో పెంపొందిన ఈ ఫలజాతికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తులేని పండుకు గుర్తింపు వచ్చినదని మా ఉర్దూ అధ్యాపక మిత్రులు చమత్కరిస్తూ ఉంటారు. అయితే బండిమీద పేర్చిన బేనిషాన్ పండు ఒక్క మచ్చ అయినా లేకుండా, ఒక్కటే పసుపు వన్నెతో, మార్చి నెలలోనే మెరిసిపోతూ కనిపించినప్పుడు దానిని చూచి సంతోషించుటకు ముందు కొంత ఆలోచించవలసి ఉన్నది. ఆ వన్నె చెట్టు ఇచ్చినదా, లేక కాగితపు పొట్లంలో కట్టి పెట్టెలో ఉంచిన రసాయనం ఇచ్చినదా అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్న తుర్కయాంజాల్ ప్రాంతంలో నివసించే మనకు దూరపు విషయం కాదు. నాగార్జునసాగర్ రహదారి వెంట సాయంకాలం బారులు తీరే పండ్ల బండ్లు ఒకవైపు, పక్కనే ఉన్న కోహెడలో తలపెట్టిన పెద్ద పండ్ల మార్కెట్టు మరొకవైపు ఈ సమస్యను మన ఇంటి గుమ్మంలోనే నిలిపినవి. మన కళాశాలలో చదువుకొనే పిల్లలలో కొందరి తండ్రులు ఆ బండ్ల వెనుక నిలబడేవారే. కావున ఈ వ్యాసంలో పండు మాగే శాస్త్రాన్ని మొదట వివరించి, విక్రేత చేయగలిగినదేమిటో, చేయలేనిదేమిటో తరువాత విచారింతము.

కోసిన తరువాత కూడా ఫలం సజీవమైనదే. అది ప్రాణవాయువును పీల్చుకొని బొగ్గుపులుసు వాయువును విడుస్తూ ఉంటుంది. ఈ శ్వాసక్రియ కొన్ని ఫలాలలో ఒక దశలో హఠాత్తుగా ఉద్ధృతమవుతుంది. ఆ సమయంలోనే లోపలి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పులుపు తగ్గుతుంది, తొక్కలోని పత్రహరితం విరిగిపోయి దాని కింద మరుగుపడి ఉన్న పసుపు వన్నె బయటపడుతుంది, కండను గట్టిగా పట్టి ఉంచిన పెక్టిన్ సడలి పండు మెత్తబడుతుంది. మామిడి, అరటి, బొప్పాయి, సపోట, జామ, టమాట ఈ తరగతికి చెందినవి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ, అనాస ఈ తరగతికి చేరవు. వాటిని చెట్టునుండి ఏ స్థితిలో కోస్తే ఆ తీపితోనే ఉంటాయి. నల్లగొండ బత్తాయిని పదిరోజులు గడ్డిలో దాచినా తీపి పెరగదు. తోటలో కోసే ఘడియే దాని రుచిని నిర్ణయిస్తుంది. మామిడికి మాత్రం రెండవ అవకాశం ఉన్నది. వ్యాపారమంతా ఆ అవకాశం చుట్టూనే అల్లుకొని ఉన్నది.

ఈ మార్పును ఆరంభింపజేసేది ఇథిలీన్ అను వాయువు. దీనిని ఫలమే తన లోపల తయారు చేసుకుంటుంది. పూర్వులకు ఈ పేరు తెలియదు, కాని పని తెలుసు. ముదిరిన కాయలను వరిగడ్డి పరచి వరుసలుగా పేర్చి, పైన గోనెపట్టా కప్పి మూసివేసేవారు. కాయలు విడిచిన వాయువు గడ్డిలో చిక్కుకొని తిరిగి కాయలమీదనే పనిచేసేది. ఒక పండు పక్కన ఉన్న కాయను మాగిస్తుందని మన అమ్మమ్మలు చెప్పిన మాటలో ఉన్న శాస్త్రం ఇదే. ఉర్దూ వాడుకలో ఇలా గడ్డిలో మాగిన మామిడిని పాల్ కా ఆమ్ అనీ, కొమ్మమీదనే మాగినదానిని డాల్ కా ఆమ్ అనీ వేరుచేసి పిలుస్తారు. రెంటి రుచిలో భేదం గుర్తుపట్టి ధర చెప్పే పెద్దలు మన మండీలలో నేటికీ ఉన్నారు. అరటి గెలలను గదిలోనో గోతిలోనో పేర్చి పొగపెట్టి మాగబెట్టుట కూడా మన పల్లెలకు కొత్త కాదు. పొగలో ఉన్న స్వల్ప పరిమాణపు ఇథిలీనే అక్కడ పనిచేసేది.

పాశ్చాత్య దేశాలలో ఈ రహస్యం బయటపడిన విధం కూడా మన అరటి పొగను పోలినదే. అమెరికాలో నిమ్మజాతి ఫలాల వర్తకులు ఆకుపచ్చని కాయలను గదులలో ఉంచి కిరసనాయిలు పొయ్యిలు వెలిగించేవారు. కాయలు పసుపు రంగుకు తిరిగేవి. అది వేడిమి మహిమయే అని వారు తలచారు. పొగలేని వేడి ఏర్పాట్లు చేసుకొన్నప్పుడు మాత్రం కాయలు పచ్చగానే ఉండిపోయాయి. 1924 నాటికి డెన్నీ అను శాస్త్రజ్ఞుడు, వేడి కాదు, పొగలోని ఇథిలీనే ఆ పని చేస్తున్నదని నిరూపించినాడు. అంతకుముందే 1901లో రష్యాలో నెల్యుబోవ్ అను యువ పరిశోధకుడు దీపపు వాయువులోని ఇథిలీన్ బఠాణీ మొలకలను వంకర తిప్పుతున్నదని గమనించి ఉండెను. ఫలమే స్వయంగా ఆ వాయువును ఉత్పత్తి చేస్తుందని 1934లో ఇంగ్లండులో గేన్ రుజువు చేసినాడు. కనుక ఇథిలీన్ పండుకు పరాయి పదార్థం కాదు. ఈ సంగతి మనసులో ఉంచుకొంటే తరువాతి భాగం సులభంగా బోధపడుతుంది.

ఇక కార్బైడ్ విషయం. రసాయన శాస్త్రంలో దీని పూర్తి పేరు కాల్షియం కార్బైడ్. జర్మన్ శాస్త్రవేత్త వోలర్ 1862లో దీనినుండి అసిటిలీన్ వాయువును పుట్టించినాడు. 1892లో అమెరికాలో విల్సన్, ఫ్రాన్సులో మోయ్‌సాన్ విద్యుత్ కొలిమిలో సున్నమును, బొగ్గును కలిపి కాల్చి దీనిని చవుకగా తయారుచేసే మార్గం కనుగొన్నారు. నీరు తగిలిన వెంటనే ఇది అసిటిలీన్‌ను విడుస్తుంది. 64 గ్రాముల శుద్ధ కార్బైడ్‌కు 36 గ్రాముల నీరు చేరితే 26 గ్రాముల అసిటిలీన్, 74 గ్రాముల తడిసున్నం ఏర్పడతాయి. ఒకప్పుడు సైకిలు దీపాలలో, గనులలో, సంతలలో వెలిగినది ఈ వాయువే. నేటికీ లోహాలను అతికే వెల్డింగు పనికి ఇది అవసరమే. ఆ పనికి తయారైన వస్తువు పండ్ల పెట్టెలోనికి దారి చేసుకొన్నది.

దారి చేసుకొనుటకు కారణం అసిటిలీన్‌కు, ఇథిలీన్‌కు ఉన్న దూరపు చుట్టరికం. రెండింటిలోనూ రెండేసి కర్బన పరమాణువులే ఉన్నవి. ఫలం కొంతవరకు మోసపోతుంది. ఇథిలీన్ చేసే పనిని అసిటిలీన్ కూడా చేస్తుంది కాని అందుకు ఎన్నో రెట్లు ఎక్కువ వాయువు కావలసి ఉంటుంది. పెట్టె అడుగున కాగితంలో చుట్టిన కార్బైడ్ పొట్లం ఉంచి, పైన కాయలు పేర్చి మూసివేస్తారు. కాయలు శ్వాసించేటప్పుడు విడిచే చెమ్మయే పొట్లానికి నీరు. పెట్టె వేడెక్కుతుంది, వాయువు పుడుతుంది, తొక్క పసుపుకు తిరుగుతుంది. లేతకాయ అయినచో తొక్క మాత్రమే తిరుగుతుంది, లోపలి పిండి చక్కెరగా మారుటకు కావలసిన సత్తువ ఆ కాయలో ఇంకా చేరలేదు. కొనుగోలుదారు ఇంటికి తెచ్చి కోసినప్పుడు పైకి బంగారం, లోపల పులుపు. రుచి పోయినదంతే అయితే ఇంత వ్యాసం అవసరమై ఉండేది కాదు.

వెల్డింగుకు వాడే కార్బైడ్ శుద్ధమైనది కాదు. అందులో భాస్వరం, ఆర్సెనిక్ సమ్మేళనాలు స్వల్పంగా కలిసి ఉంటాయి. చెమ్మ తగిలినప్పుడు అసిటిలీన్‌తోపాటు ఫాస్ఫీన్, ఆర్సీన్ అను విషవాయువులు కూడా వెలువడతాయి. శుద్ధమైన అసిటిలీన్‌కు వాసన దాదాపు ఉండదు. కార్బైడ్ పెట్టె తెరిచినప్పుడు ముక్కుకు తగిలే వెల్లుల్లి వంటి వాసన ఈ కల్మషాలదే. పొడి నేరుగా తగిలిన తొక్కమీద అవశేషం మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. తల తిరుగుట, విపరీతమైన దాహం, మంట, నీరసం, మింగుటలో కష్టం, వాంతులు, చర్మపు పుండ్లు దీనివలన కలుగవచ్చునని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరించినది.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. కార్బైడ్ గురించి పత్రికలలో వచ్చే రచనలన్నీ తినేవాని వైపునుండే వ్రాయబడినవి. కాని తినేవాడు పండును కడుగుతాడు, తొక్క తీస్తాడు. పొట్లాలు కట్టే కూలివాని చేతులమీద ఆ పొడి దినమంతా ఉంటుంది. మూసిన గోదాములో పెట్టెలు తెరిచే హమాలీ ఆ వాయువును ముందుగా పీలుస్తాడు. అసిటిలీన్ మండే వాయువు. గాలిలో నూటికి రెండున్నర వంతులు దాటితే నిప్పురవ్వ చాలు పేలుటకు. తెల్లవారుజామున పెట్టె మూత ఎత్తి పండ్లు తుడిచి బండిమీద సర్దే చిన్న వర్తకుడు కూడా ఈ వరుసలోనివాడే. విషం తగ్గించమని విక్రేతను కోరునప్పుడు, అతని సొంత ఊపిరి, అతని పిల్లల ఊపిరి కూడా ఆ కోరికలో చేరి ఉన్నవని గ్రహింపవలెను.

మరి తెలిసి తెలిసి ఎందుకు వాడుతున్నారు? కార్బైడ్ చవుక అన్నది సగం జవాబు మాత్రమే. మిగిలిన సగం కాలంలో ఉన్నది. ఋతువు ఆరంభంలో వచ్చే మామిడికి ధర హెచ్చు. కొల్లాపూర్, జగిత్యాల, ఖమ్మం తోటలనుండి, ఆంధ్ర ప్రాంతపు నూజివీడు తోటలనుండి వచ్చే సరుకులో తొలి బండి ధర చివరి బండికి రాదు. అందుచేత కాయ ముదరకముందే కోత మొదలవుతుంది. తోట గుత్తకు తీసుకున్నవాడు ఈదురుగాలి భయంతో తొందరపడతాడు. ముదిరిన కాయ నీటిలో మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. ఈ చిన్న పరీక్ష తెలియని తోటమాలి లేడు. తెలిసినా ఆగుటకు అప్పు ఒప్పుకోదు. పచ్చికాయ అయితే ప్రయాణంలో చితకదు కనుక లారీకి కూడా పచ్చికాయే అనుకూలం. ఈ విధంగా తోటలో మొదలైన తొందర కమీషను ఏజెంటు చేతిలో పడి, టోకు వర్తకుని గోదాము దాటి, బండివాని దగ్గరకు వచ్చేసరికి ఒక్కటే రాత్రి మిగులుతుంది. అతడు పొద్దున కొన్న పెట్టె మరునాడు అమ్మవలె. లేకున్న వడ్డీకి తెచ్చిన పెట్టుబడి తిరిగిరాదు. పండుగలకు, రంజాన్ మాసంలో ఇఫ్తార్‌కు పండ్ల గిరాకీ పెరిగే రోజులలో ఈ ఒత్తిడి రెట్టింపవుతుంది.

మార్కెట్టు చరిత్ర కూడా ఈ తొందరకు తోడైనది. ఏడవ నిజాం తన రెండవ కుమారుని పేర కట్టించిన మొజంజాహీ మార్కెట్టు 1935 నాటిది. నగరపు పండ్ల వ్యాపారానికి చిరకాలం అదే కేంద్రం. 1986లో టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలినది. నగరం పెరిగి ఆ స్థలాన్ని కూడా చుట్టుముట్టినది. 2020లో కోవిడ్ మహమ్మారి వ్యాపించినప్పుడు జనసమ్మర్దం తగ్గించుటకై మామిడి వ్యాపారాన్ని మన పక్కనున్న కోహెడకు తాత్కాలికంగా మార్చినారు. ఆ సంవత్సరం మే మొదటి వారంలో వీచిన గాలివానకు అక్కడి తాత్కాలిక రేకుల షెడ్లు కూలి పలువురు గాయపడినారు. వ్యాపారం మళ్ళీ గడ్డిఅన్నారం చేరినది. అటుపిమ్మట 2021–22లో ఆ స్థలాన్ని ఆసుపత్రి నిర్మాణానికి ఇచ్చివేయగా, విజయవాడ రహదారిమీది బాటసింగారానికి మార్కెట్టును తరలించినారు. అదికూడా తాత్కాలికమే అన్నారు. శాశ్వతమైన మార్కెట్టుకై కోహెడలో సుమారు 178 ఎకరాలు కేటాయించబడినవి. నీడ నిలకడగా లేనిచోట చల్లని గదులు, వాయుపరిమాణం కొలిచే యంత్రాలు నిలువవు. పొట్లం మాత్రం ఎక్కడికైనా జేబులో పోతుంది.

చట్టం మాటేమిటి? కొరత చట్టంలో లేదు. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద వెలువడిన నియమాలలో, తరువాత చేర్చిన 44-ఏఏ నియమం ఫలాలను అసిటిలీన్‌తో మాగబెట్టుటను నిషేధించినది. 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చినది. దాని కింద 2011లో చేసిన నిబంధనలు ఈ నిషేధాన్నే తిరిగి చెప్పినవి. సురక్షితం కాని ఆహారంవలన మరణం సంభవిస్తే ఏడేండ్లకు తక్కువకాని కారాగారం, పది లక్షల రూపాయలకు తక్కువకాని జరిమానా ఆ చట్టంలో ఉన్నవి. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి ఉన్నత న్యాయస్థానం పత్రికా వార్తల ఆధారంగా ఈ కార్బైడ్ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను గట్టిగా నిలదీసినది. అయినను 2024 మే నెలలో కూడా ఆహార భద్రతా సంస్థ వర్తకులను హెచ్చరిస్తూ ప్రకటన చేయవలసి వచ్చినది. అనగా పొట్లం ఇంకా పెట్టెలోనే ఉన్నదన్నమాట.

నా అభిప్రాయంలో, ఈ కాలక్రమంలో అన్నిటికన్న ముఖ్యమైన సంవత్సరం 2016. ఫలాలను మాగబెట్టుటకు ఇథిలీన్ వాయువును గాలిలో పదిలక్షల భాగాలకు నూరు భాగాలవరకు వాడవచ్చునని ఆహార భద్రతా సంస్థ ఆ సంవత్సరమే స్పష్టంగా అనుమతించినది. అంతవరకు ప్రభుత్వం వర్తకునితో ఇది చేయకుము అన్నదే తప్ప ఏది చేయవచ్చునో అంత తేటగా చెప్పలేదు. తలుపు మూసి కిటికీ కూడా మూసినప్పుడు మనిషి గోడకు కన్నం వేస్తాడు. నేరాన్ని సమర్థించుటకు ఈ మాట చెప్పుట లేదు, నేరం ఎలా నిలదొక్కుకున్నదో చెప్పుటకు మాత్రమే.

వ్యాపారులు రైపెనింగ్ ఛాంబర్ అని పిలిచే మాగబెట్టే గది పనితీరు సంక్షేపంగా ఇది. ముదిరిన కాయలను గాలి ఆడే ట్రేలలో సర్ది, గాలి చొరబడని గదిలో పేరుస్తారు. ఉష్ణోగ్రత మామిడికి ఇరవై డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో, అరటికి మరికొంత తక్కువగా ఉంచుతారు. గాలిలో చెమ్మ నూటికి తొంభై పాళ్లు ఉండవలెను, లేనిచో తొక్క ముడుతలు పడుతుంది. ఇథిలీన్‌ను కొలతప్రకారం వదలి ఒకటి, రెండు దినాలు ఉంచుతారు. మధ్యమధ్య గది తెరచి, పేరుకొన్న బొగ్గుపులుసు వాయువును బయటకు పంపవలెను. అది ఎక్కువైతే ఇథిలీన్ పని మందగిస్తుంది. ఆ తరువాత కాయ తన పనిని తానే పూర్తిచేసుకుంటుంది. ఇథిలీన్ కూడా మండే వాయువే కదా అని విద్యార్థులు అడుగవచ్చును. పేలుడుకు గాలిలో నూటికి సుమారు 2.7 వంతులు కావలెను, అనగా పదిలక్షలకు 27,000 భాగాలు. అనుమతించిన పరిమితి నూరు భాగాలే. ఈ రెండు సంఖ్యల నడుమ ఉన్న దూరమే గదిలో పనిచేసేవాని రక్షణ.

ఇటీవల ఇథిలీన్‌ను విడిచే పొడి పొట్లాలు, ఎథిఫాన్ అను ద్రవం కూడా వాడుకలోకి వచ్చినవి. ఇక్కడ పాటించవలసిన సూత్రం ఒక్కటే. వాయువు పండును తాకవచ్చును, రసాయనం తాకరాదు. ఎథిఫాన్ కలిపిన నీళ్ల బకెట్టులో కాయలను ముంచి తీయుట ఈ సూత్రానికి విరుద్ధం, నిబంధనలకు కూడా విరుద్ధమే. ఒక పొట్లం పోయి ఇంకొక పొట్లం వచ్చినంత మాత్రాన బాగుపడినట్లు కాదు. అది ఎక్కడ ఉంచబడినది, పండుకు దానికి మధ్య ఏమున్నది అని కూడా చూడవలెను.

పొట్లం ప్రసంగం వచ్చినది కనుక దానిని చుట్టిన కాగితం సంగతి కూడా ఇక్కడనే చెప్పుట మంచిది. మన పండ్ల పెట్టెలలో పరిచేది, పక్కనున్న బండిమీద మిరపకాయ బజ్జీలకింద వేసేది పాత వార్తాపత్రికనే. అచ్చు సిరాలోని రంగులు, ద్రావకాలు నూనెలో సులభంగా కరుగుతాయి. వేడి బజ్జీకి అవి ఎంత త్వరగా అంటుకుంటాయో అక్షరాలు తిరగబడి కనిపించే బజ్జీయే సాక్ష్యం చెప్పుతుంది. వార్తాపత్రికలలో ఆహారం చుట్టరాదని 2016 డిసెంబరులో ఆహార భద్రతా సంస్థ సూచించినది. 2018లో వెలువడి 2019 జూలై 1 నుండి అమలుకు వచ్చిన ప్యాకేజింగు నిబంధనలు దానిని నిషేధించినవి. మోదుగ విస్తరాకు, అరటాకు వాడుకలో ఉన్న దేశంలో ఈ నిషేధం అవసరమగుట కొంత విచారకరమే. పత్రికా రచయితలకు మాత్రం తమ రచనలు ఏదో ఒక విధంగా ప్రజల లోపలికి వెళ్తున్నాయన్న తృప్తి ఉండవచ్చును.

అమ్మేవాడు తలచుకొంటే విషం తగ్గుతుందా? తగ్గినదనుటకు రెండు ఉదాహరణలు ఇతర దేశాలలో ఉన్నవి. అవి ఒకదానికొకటి పూర్తిగా భిన్నమైనవి.

మొదటిది డెన్మార్క్ దేశంలోనిది. నూనె అంటకుండా కాగితానికి పూసే పి.ఎఫ్.ఏ.ఎస్. అను ఫ్లోరిన్ రసాయనాలు ప్రకృతిలో విచ్ఛిన్నం కాక, శరీరంలో పేరుకొంటాయి. పొయ్యిలో వేడిచేసే పేలాల సంచీలలో ఇవి ఉన్నవని తెలిసి, కో-ఆప్ అను సహకార చిల్లర దుకాణాల సంస్థ 2015లో ఆ పేలాల అమ్మకాన్నే ఆపివేసినది. అప్పటికి అక్కడ వాటిని నిషేధించే చట్టం లేదు. నిరపాయకరమైన కాగితంతో సంచీ తయారయ్యేవరకు అర ఖాళీగా ఉంచినారు. మరుసటి సంవత్సరం కొత్త సంచీలో పేలాలు తిరిగి వచ్చినవి. ఆ దేశపు ప్రభుత్వం ఆహారపు కాగితంలో ఈ రసాయనాలను నిషేధించినది 2020లో. దుకాణం ముందు నడచినది, చట్టం వెనుక వచ్చినది.

రెండవది మన పొరుగుననే ఉన్న బంగ్లాదేశ్‌లోనిది. పసుపుకొమ్ములకు మెరుపు రావలెనని సీసపు క్రోమేట్ అను పసుపురంగు పూసేవారు. ఆ సీసం గర్భిణుల రక్తంలో చేరినదని పరిశోధకులు గుర్తించినారు. 2019లో పరీక్షించిన మార్కెట్టు పసుపులో నూటికి 47 నమూనాలలో సీసం కనిపించినది. ప్రభుత్వం ఢాకా టోకు మార్కెట్టులో తనిఖీచేసి దోషులకు జరిమానా వేసి, వర్తకులకు కరపత్రాలు పంచి, వార్తను దేశమంతా చాటినది. 2021 నాటికి సీసమున్న నమూనాలు సున్న. పసుపు మిల్లులలో పనిచేసేవారి రక్తంలో కూడా సీసం తగ్గినది. మన నిజామాబాదు, దుగ్గిరాల పసుపు వర్తకులు చదువవలసిన కథ ఇది. అక్కడి వర్తకులు చాలమంది ఆ రంగు ఇంత హానికరమని ఎరుగరు. ఎరిగిన పిదప, మెరుపులేని కొమ్మునే కొనుటకు జనం కూడా సిద్ధపడినారు.

ఈ రెండింటిలో మన కార్బైడ్ సమస్యకు ఏది దగ్గర? పసుపు రంగును మానివేయుటకు వర్తకునికి ఖర్చు లేదు, మానితే చాలును. పేలాల అమ్మకం ఆపుటకు పెద్ద సంస్థకు బలం ఉన్నది. బండిమీద అమ్మేవానికి ఆ రెండూ లేవు. కార్బైడ్ మానితే దాని స్థానంలో గది కావలెను, గదికి విద్యుత్తు, శీతల యంత్రం, పెట్టుబడి కావలెను. జాతీయ ఉద్యాన పథకం కింద ఇట్టి గదులకు రాయితీలు ఇచ్చినారు, నగరం చుట్టూ ప్రైవేటు గదులు కూడా వెలిసినవి. సూపర్ మార్కెట్టులు అక్కడ మాగిన పండ్లనే కొనగలవు, ఏ గదిలో ఏ తేదీన మాగినదో కాగితం అడుగగలవు. అడిగి తీరవలెను కూడా. వారి గుమ్మం ముందు నిలబడిన బండివాడు ఎవరిని అడుగుతాడు? అతడు కొనే అయిదు పెట్టెలకు టోకు వర్తకుడు కాగితం వ్రాసి ఇవ్వడు.

కొనుగోలుదారు కూడా ఈ లెక్కలోనివాడే. పండుమీద సన్నని మచ్చలుంటే పక్కకు నెట్టేది మనమే. ఉగాది రోజుననే తియ్యని బేనిషాన్ కావలెనని కోరేది మనమే. వన్నె చూచి కార్బైడ్‌ను పసిగట్టవచ్చునని చెప్పే చిట్కాలు అనేకం ప్రచారంలో ఉన్నవి. కొన్నిచోట్ల పసుపు, కొన్నిచోట్ల పచ్చగా ఉన్నంతనే దోషమని తేల్చుట న్యాయం కాదు. చెట్టుమీద మాగిన కాయకు కూడా నీడవైపు పచ్చదనం ఉంటుంది. తొక్కమీద బూడిదవంటి పొడి, వెల్లుల్లి వాసన, రంగు తిరిగినా గట్టిగా ఉన్న కండ, తొడిమ దగ్గర సువాసన లేకపోవుట, ఈ నాలుగూ కలిసినప్పుడు అనుమానించవచ్చును. నిర్ధారణ నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాల వంటి చోటనే జరుగవలెను. అనుమానం ఉన్నను లేకున్నను, పండును కొంతసేపు నీటిలో నానవేసి పారేనీటిలో కడిగి, తొక్క తీసి తినుట ఇంటివారు చేయగల పని. తొక్కతో జుర్రుకొనే రసాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

కోహెడ మార్కెట్టు విషయంలో మన ప్రాంతంవారు అడుగవలసినది ఒకటి ఉన్నది. ఇట్టి మార్కెట్టుల నక్షాలు గీసేటప్పుడు లారీల బాటలు, కమీషను ఏజెంట్ల దుకాణాలు, శీతల గిడ్డంగులు ముందుగా లెక్కలోకి వస్తాయి. మాగబెట్టే గదులు కట్టినా అవి పది టన్నులు, ఇరవై టన్నులు ఒకేసారి నింపగలవారికి అనుకూలంగానే కట్టుట పరిపాటి. చిన్న వర్తకుడు గది అద్దెకు తీసుకోలేడు, పెట్టె అద్దెకు తీసుకోగలడు. కాబట్టి కొన్ని గదులనైనా మార్కెట్టు కమిటీయే నడపవలెను. పెట్టెకు ఇంత అని రుసుము పెట్టి, అయిదు పెట్టెలు తెచ్చినవానికి కూడా చీటీ ఇచ్చి, వరుసలో ఉంచి, నాలుగైదు దినాల తరువాత చీటీ చూచి తిరిగి ఇవ్వవలెను. ఊరిలో పిండిమర ఈ పద్ధతిమీదనే నడుస్తుంది. గిన్నెడు జొన్నలకు మర ఆగదు, బస్తా జొన్నలకు వరుస మారదు.

ఆ చీటీమీద గది సంఖ్య, ఉంచిన తేదీ, తీసిన తేదీ తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేయించవలెను. బండికి ఒక మూల దానిని తగిలించుకొన్నవాడు సూపర్ మార్కెట్టువాడు చూపే కాగితాన్నే తానూ చూపగలుగుతాడు. నాలుగు దినాలు సరుకు గదిలో ఉన్నంతకాలం అతని పెట్టుబడి చిక్కుకొని ఉంటుంది గనుక, ఆ చీటీని పూచీగా పెట్టుకొని సహకార బ్యాంకు స్వల్పమొత్తం అప్పు ఇచ్చే ఏర్పాటు కూడా దానితోనే జతచేయవలసి ఉన్నది. మే మాసపు గాలివానకు ఆగే పైకప్పు మాత్రం అన్నిటికన్న ముందు వేయవలెను.